ద్యూతోత్సాహము

క్రికెట్టు పోటీల ఋతువు వచ్చినప్పుడు నిజామాబాదు పట్టణమున సాయంకాలము లందొక క్రొత్త నిశ్శబ్దము కానవచ్చుచున్నది. బస్సుల అడ్డా నొద్దను, గాంధీచౌకు చుట్టుపట్లను గల చాయ హోటళ్లలో పదిమంది యువకు లొక బల్లచుట్టు కూర్చుండి యుందురు. ఒకరితో నొకరు మాటలాడరు. చాయ చల్లారిపోవును. ఎవరి చేతిలోని ఫోనుపై వారి చూపు. బంతి పడుటకు ముందు ఊపిరి బిగబట్టుట, పడిన పిదప నొక నిట్టూర్పు, వెంటనే వ్రేలితో నొక నొక్కు. దారిన పోవువాడు వీరందఱును ఆటను చూచుచున్నారని తలంచును. వారు చూచుచున్నది ఆటను గాదు. ఆ బంతిపై నొడ్డిన తమ సొమ్మును.

ఈ విషయమును గూర్చి వ్రాయుడని మా పాఠకులు కొందఱు కొంతకాలముగా కోరుచున్నారు. జూదము పాపమనియు, సప్తవ్యసనములలో నొకటియనియు వ్రాసి తృప్తిపడుట సులభము. అట్టి వ్రాతను చదువవలసినవారు చదువరు. చదివినవారికి దాని యవసరము లేదు. కావున మేము వేఱొక మార్గమున నారంభింతుము. జూదమునందు ఉత్సాహము కలదు. అది నిజమైన యుత్సాహమే. దానిని లేదనిన పెద్దల మాటను యువకులు నమ్మరు, నమ్మకుండుట న్యాయమే. ఆ యుత్సాహ మెట్టిది, దాని వెల యెంత, దానిని మనకెవ రమ్ముచున్నారు, మన యూరి యువకుడు దానినే యేల కొనుచున్నాడు అను నాలుగు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే నేటి మా యుద్దేశము.

పత్తాల యాటలలో నేడు లోకమంతట ప్రసిద్ధి కెక్కినది పోకరు. దానిలో మిక్కిలి వ్యాప్తిగల పద్ధతియందు ఒక్కొక్కనికి రెండు పత్తాలు బోర్లించి యిత్తురు. అందఱకును ఉమ్మడిగా నయిదు పత్తాలు బల్లపై క్రమక్రమముగా తెఱతురు. తన చేతిలోనిది తనకే తెలియును. ఎదుటివాని చేతిలోనిది వాని ముఖమును, వాడొడ్డు పందెమును చూచి యూహింపవలెను. ఏమియు లేకున్నను ఎంతో యున్నట్లు బెదరింపవచ్చును. అన్నియు నున్నను లేనివానివలె నటింపవచ్చును. 52 పత్తాలలో అయిదేసి చొప్పున ఏర్పడగల కూర్పులు 25,98,960. వానిలో సర్వశ్రేష్ఠమైన రాయల్ ఫ్లష్ అను కూర్పులు నాలుగు మాత్రమే. అనగా 6,49,740 కూర్పులకొకటి. ఆ యొకటి ఈ పంపకముననే తనకు రావచ్చునను తలంపుతో కూర్చున్నవానికి ఆకలి తెలియదు, నిద్ర తెలియదు, తెల్లవాఱినదియు తెలియదు.

మనశ్శాస్త్రజ్ఞు లీ తలంపు కీలకమును కనిపెట్టియున్నారు. అమెరికాలో స్కిన్నరను పండితుడు పావురములతో పరీక్షలు చేసెను. మీటను పొడిచినప్పుడెల్ల గింజ దొరకుచుండి, పిమ్మట మానివేసినచో, పావురము త్వరలోనే విసిగి విడిచిపెట్టును. ఒకప్పుడు దొరకి యొకప్పుడు దొరకక, ఎప్పుడు వచ్చునో తెలియకున్నచో, గింజ లాపివేసిన తరువాత గూడ నది చాలసేపు పొడుచుచునే యుండును. మనుష్యుని మనస్సును బంధించునది గెలుపుకంటె గెలుతునేమో యను నిరీక్షణమే. కొద్దిలో తప్పిన గెలుపు వానికి ఓటమివలె తోపదు. మఱల నాడుమను పిలుపువలె తోచును. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము జూదవ్యసనమును రోగముల పట్టికలో చేర్చెను. 2013లో దానిని మద్యము, నల్లమందు మున్నగువాని వరుసలో నిలిపెను. కావున జూదగాడు కొనుచున్న సరకు ధనము గాదు, ఆ నిరీక్షణము. అంగడిలో వెల తెలియకుండ కొను సరకు అదియొక్కటే.

బ్రదుకే యొక జూదము గదా, రైతు జూదగాడు గాడా యని కొందఱు వాదింతురు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతముల పసుపు రైతు తొమ్మిది నెలలు నేలను నమ్ముకొని, పిమ్మట నిజామాబాదు మార్కెటుయార్డున ధరను నమ్ముకొనును. వాన తప్పవచ్చును, తెగులు తగులవచ్చును, ధర పడిపోవచ్చును. అతనికిని నిరీక్షణము కలదు; ఉత్సాహమును కలదు. అయినను భేదమొకటి కలదు. ధర పడిన సంవత్సరమున గూడ ఆ పసుపు కొమ్ము లోకమున మిగిలియుండును. ఎవరో దానిని వంటలో వేసికొందురు, ఎవరో గడపకు పూసికొందురు. రైతు నష్టపడినను లోకమునకొక వస్తువు చేరినది. జూదమున నొక్క గింజయైనను మొలవదు. ఒకని జేబునుండి మఱియొకని జేబునకు సొమ్ము మాఱును. మాఱినప్పుడెల్ల బల్ల యజమానుడు తన పాలు తీసికొనును.

ఆ పాలెంతయో లెక్కింతము. గోవాలో మాండవీనదిపై నిలిచియున్న క్యాసినో నౌకలకు మనవారును పోవుచున్నారు. అట్టి బల్లలయొద్ద తిరుగు చక్రములలో నొక రకమునకు సున్న మొదలు 36 వఱకు 37 గడు లుండును. ఒక గడిపై రూపాయి యొడ్డి గెలిచినవానికి 35 రూపాయలిచ్చి, వాని రూపాయిని వానికి తిరిగి యిత్తురు. ఇక 37 గడులపైనను తలకొక రూపాయి యొడ్డి చూడుడు. 37 పోయి 36 వచ్చును. ఆ దీపములు, ఆ సంగీతము, ఆ విందులు, ఆ నౌక సర్వమును ఆ యొక్క రూపాయి యిచ్చిన భాగ్యమే. అందు మోసమేమియు లేదు. లెక్కయే చాలునప్పుడు మోసముతో పని యేమి?

మన ప్రాంతమునకు దీనికంటె దగ్గఱి చుట్టము మట్కా. న్యూయార్కునుండి బొంబాయికి తంతిమూలమున వచ్చు ప్రత్తి ధరల యంకెలపై పందెములు కాయుటతో పుట్టి, 1960 తరువాత కుండలోనుండి చీటీ తీయుటగా మాఱిన యీ జూదము మహారాష్ట్ర సరిహద్దు దాటి మనయొద్దకు వచ్చినది. పది యంకెలలో నొకదానిపై రూపాయి కాసి గెలిచినవానికి సాధారణముగా తొమ్మిది రూపాయలిత్తురు. అనగా పదింట నొకటి యజమానునిది. క్యాసినో చక్రమున 37 కొకటి. మట్కా చీటీలో పదికొకటి. పేదవాని జూదమునందు యజమానుని పాలు హెచ్చు. ఈ సంగతిని కూలివానికి చెప్పువా రెవరు?

పోకరులో నాటగాండ్రు తమలో తామే యాడుకొందురు గదా, యజమానునకేమి లాభమని యడుగవచ్చును. బల్లపై చేరిన పందెపు రాశిలోనుండి యతడు ప్రతిమాఱును కొంత తీసికొనుచుండును. ఎవడు గెలిచినను, ఎవడోడినను, రాత్రి ముగియునప్పటికి ఆ బల్లచుట్టు నున్నవారి మొత్తము సొమ్ము తఱిగియే యుండును. 2003లో లాస్‌వేగాసు నగరమున జరిగిన పోకరు ప్రపంచపోటీలో, అంతర్జాలమున కొద్ది డాలర్లతో ప్రవేశము సంపాదించిన యొక లెక్కల యుద్యోగి 25 లక్షల డాలర్లు గెలిచెను. ఆ కథ దేశదేశములకు ప్రాకి లెక్కలేని జనమును ఆ యాటలోనికి దింపెను. ఆ పోటీలో పాల్గొన్నవారు 839 మంది. తక్కిన 838 మందిలో నొక్కని పేరైనను మన యువకులలో నెవరికైన తెలియునా? గెలిచినవాని కథ యూరూర తిరుగును. ఓడినవాడు ఇంటికి పోయి తలుపు వేసికొనును. జూదమునకు ఇంతకంటె చవుకైన ప్రకటన లేదు.

ఇచ్చట, ఇది యదృష్టము గాదు, నైపుణ్యము అను వాదము తలయెత్తును. న్యాయవాదవృత్తిలో నుండుటచే ఈ వాదముతో మాకు పరిచయము కలదు. దాని ప్రసిద్ధికి మూలమైన వ్యాజ్యము మన ప్రాంతముననే పుట్టినది. 1305 ఫసలీనాటి హైదరాబాదు జూదశాసనము క్రింద, 1963లో పోలీసులు సికింద్రాబాదులోని యొక క్లబ్బుపై దాడిచేసి రమ్మీ యాడుచున్నవారిని పట్టుకొనిరి. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వఱకు పోయి 1967 నవంబరులో తీర్పయ్యెను. రమ్మీ మూడుముక్కలాట వంటిది గాదనియు, పడిన పత్తాలను గుర్తుంచుకొనుటకును, ఏది యుంచుకొని యేది పాఱవేయవలెనో నిర్ణయించుటకును నేర్పు కావలయుననియు, కావున నది కేవలము అదృష్టక్రీడ గాదనియు న్యాయమూర్తి హిదాయతుల్లా గారు వ్రాసిరి. కాని యజమానుడా యాటవలన లాభము తీయుచున్నట్లు తేలినచో నేరము కావచ్చునని గూడ ఆ తీర్పునందే యున్నది. తరువాతి కాలపు అంతర్జాల వ్యాపారులు మొదటి మాటను పటముకట్టి గోడకు తగిలించుకొనిరి. రెండవ మాటను మఱచిరి.

శాసనము మాట యటుండనిండు. నైపుణ్యమున్నంత మాత్రమున ఆట నిర్దోష మగునా? హస్తినాపుర సభలో శకునికి నైపుణ్యమేమి తక్కువ? ధర్మరాజు ఆటయందు ప్రీతిగలవాడే కాని ఆడనేర్చినవాడు గాడని శకుని యెఱుగును, ఎఱిగియే పిలిపించెను. నలుడు ఋతుపర్ణునివలన అక్షహృదయమును గ్రహించిన పిదప పుష్కరుని గెలిచెను. గ్రహింపక పూర్వము రాజ్యమును గోలుపోయి అడవుల పాలయ్యెను. మన పెద్దల కథలు చెప్పుచున్న దిదియే: నేర్పు జూదమును శుద్ధిచేయదు, నేర్పులేనివానిని వేటమృగముగా చేయును. శకుని కనీస మెదుట కూర్చుండెను. ఫోనులో నెదుటనున్నది మనుష్యుడో యంత్రమో తెలియదు. ఏ గడియకు పిలిచినచో మనవాడు వచ్చునో, ఎంత యోడిన పిదప కొద్ది బహుమానము చూపినచో నిలుచునో లెక్కకట్టుట నేటి యంత్రములకు చిన్నపని.

శాసనములు రాకపోలేదు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూదశాసనమున నైపుణ్యక్రీడల మినహాయింపు నిలిచియుండెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము దానిని సవరించి, అంతర్జాలమున సొమ్మొడ్డి యాడు రమ్మీ మొదలగువానిని నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా యను భేదమును చూడకయే, సొమ్ముతో నాడు అంతర్జాలక్రీడలను దేశమంతట నిషేధించు శాసనమును చేసెను. నడపినవారికి మూడేండ్ల వఱకు ఖైదు, కోటి రూపాయల వఱకు జరిమానా. ప్రకటనలు చేసినవారికి రెండేండ్ల వఱకు ఖైదు, 50 లక్షల వఱకు జరిమానా. ఆడినవానిని మాత్రము నేరస్థునిగా గాక బాధితునిగా నెంచిరి. ఇది వివేకమైన పని. దేశమున 45 కోట్లమంది యీ యాటలవలన నష్టపడిరనియు, నష్టము 20,000 కోట్ల రూపాయలకు మించుననియు ప్రభుత్వము తన యంచనాను ప్రకటించెను. జాతీయ క్రికెట్టు జట్టు చొక్కాలపై 2023 నుండి ముద్రితమైయున్న ఊహాజట్ల పందెపు సంస్థ పేరు ఆ మాసమందే తొలగిపోయెను. అంతకుముందే, 2025 మార్చిలో, పందెపు యాపులకు ప్రచారము చేసిన సినిమా నటులపైనను అంతర్జాల ప్రముఖులపైనను హైదరాబాదు ప్రాంతమున కేసులు నమోదు కాగా, రాష్ట్రప్రభుత్వము ప్రత్యేక పరిశోధక బృందమును ప్రకటించెను.

ఈ శాసనములను మేము మనఃపూర్వకముగా స్వాగతింతుము. అయినను ఒక విపరీతమును చెప్పక తప్పదు. ఫోనులోని పందెము నేరము; మలకపేటలోని గుఱ్ఱపు పందెమును, గోవా నదిలోని క్యాసినోయును చట్టబద్ధములు. 2025 సెప్టెంబరు 22 నుండి అట్టివానిపై వస్తుసేవల పన్ను నూటికి 40. ఒక చేతితో వారించుచు రెండవ చేతితో వాటా పుచ్చుకొను ప్రభుత్వపు ఉపదేశము యువకుల చెవి కెట్లెక్కును? మఱియొక చిత్రము వినుడు. మొనాకో సంస్థానము క్యాసినోతో లోకప్రసిద్ధి గాంచెను. కాని ఆ దేశపు పౌరు లా బల్లలయొద్ద ఆడరాదు. నేపాళము తన పౌరులను క్యాసినోలోనికి పోనీయదు. గోవా ప్రభుత్వము 2020లో తన వారికి ఆ నౌకల ప్రవేశమును నిషేధించెను. అమ్మువాడు తన బిడ్డలకు పెట్టని మిఠాయిని మన బిడ్డలు కొని తినుచున్నారు.

ఇక వెల మాట. కొంతకాలము క్రిందట బోధను ప్రాంతపు రైతొకడు మా యొద్దకు వచ్చెను. సంచిలో పట్టా పాసుపుస్తకము, అప్పుకాగితములు, కుమారుని బ్యాంకు లెక్కలు. ఒక కాగితము తరువాత మఱియొక కాగితము మా బల్లపై పెట్టి, "వకీలు సాబ్, మా పోరడు పత్తాలు ముట్టలే, కల్లు ముట్టలే. రాత్రంత ఫోను చూస్తుంటె సదువుకుంటున్నడనుకున్న" అని యూరకుండెను. అతనికేమి చెప్పవలెనో మాకును తోచలేదు. పూర్వము జూదమునకు ఇల్లు విడిచి పోవలసియుండెను; పోవువానిని దారిలో మేనమామయో, పొరుగింటి పెద్దయో చూచి నిలుపుటకు వీలుండెను. నేడు జూదశాల తండ్రి ప్రక్కన పండుకొన్న కుమారుని దుప్పటిలోనికి వచ్చినది.

2024 అక్టోబరులో మన జిల్లాయందే యొక పల్లెలో తల్లియు, తండ్రియు, కుమారుడును, ఒకే యింటివారు మువ్వురు, ఒకేమాఱు ప్రాణములు విడిచిరి. అంతర్జాల పందెములవలన కుమారునకైన యప్పులు పొలమమ్మినను తీఱలేదని పత్రికలలో వచ్చెను. వారి పేర్లను మేమిచ్చట వ్రాయము. ఆ వార్తను చదివిన దినమున ఎన్ని యిండ్లలో ఎందఱు తండ్రులు తమ కుమారుల ఫోనులవంక చూచి మాటలేక యుండిరో మేమూహింపగలము. నిరీక్షణమునకు వెల తెలియదని పైన వ్రాసితిమి. ఆ వెల యొక్కొక్కప్పు డింత.

మిగిలినది నాలుగవ ప్రశ్న. మన యూరి యువకుడు ఈ యుత్సాహమునే యేల కొనుచున్నాడు? దీనికి సమాధానము వెదకుటకు ముందు మన జిల్లా చరిత్రను కొంచెము తిరుగవేయుట మంచిది. 1937లో నిజామాబాదున ఆంధ్రమహాసభ ఆఱవ సమావేశము మందుముల నరసింగరావు గారి యధ్యక్షతన జరిగెను. అదే సంవత్సరము బోధనులో నిజాం చక్కెర కార్ఖానా స్థాపితమయ్యెను. 1931లో ముగిసిన నిజాంసాగరపు కట్టవలన మంజీర నీరు పొలములకు వచ్చెను. నీటివెంట చెఱకు వచ్చెను. చెఱకువెంట శక్కర్‌నగరము వెలసెను. ఒకప్పుడు ఆసియాఖండమున పెద్దదియని పేరు మోసిన కార్ఖానా యది. ఒకచోట సభ, ఒకచోట పని. రెండుచోట్లను రేపు నేటికంటె మేలుగా నుండునను నిరీక్షణము. ఆ కాలపు యువకునకును ఉత్సాహము కావలసియుండెను. దానిని కొనుటకు వాడు క్యాసినోకు పోనక్కఱ లేకపోయెను.

ఆ కార్ఖానా 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరులో మూతపడెను. తిరిగి తెఱతుమను వాగ్దానములు ఎన్నికలవేళ పెక్కుమాఱులు విన్నాము. కార్ఖానా మూతపడుటయే జూదమునకు కారణమని మేమనుట లేదు. కార్ఖానాలు నడచు నగరములలోను జూదము కలదు. కాని యొక ప్రాంతమున న్యాయమైన నిరీక్షణము తఱిగినచో కపట నిరీక్షణమునకు గిరాకి పెరుగుట సహజము. చదువు ముగించి, పరీక్ష ప్రకటనకై యొక యేడు, ఫలితమునకై యొక యేడు, దుబాయి వీసాకై యొక యేడు వేచియుండు యువకుని జీవితమున నేమియు జరుగదు. ఆ ఫోనులో మాత్రము ఆఱు బంతులకొకమాఱు ఏదో జరుగును. జరుగుటయే వానికి కావలెను.

ఇట్టిచోట కొందఱు పెద్దమనుష్యులు, పనులు లేని ప్రాంతమునకు క్యాసినోనే తెచ్చినచో ఉద్యోగములును పన్నులును వచ్చును గదా యందురు. దక్షిణ కొరియాలో దీనిని చేసి చూచిరి. బొగ్గుగనులు మూతపడిన యొక కొండప్రాంతము నుద్ధరించుటకై 2000 సంవత్సరమున క్యాసినో తెఱచిరి. ఆ దేశమున స్వదేశీయులు ఆడదగిన క్యాసినో అదియొక్కటే. ఉద్యోగములు కొన్ని వచ్చెను, పన్నులును వచ్చెను. వానితోపాటు వీథిపొడుగున తాకట్టు దుకాణములు వచ్చెను. తాకట్టుపెట్టి మఱల విడిపింపని మోటారుకార్లు వరుసలు తీరెను. గని మూసిన యూరికి ఇది యుద్ధారణమా? చెఱకు గానుగ లాగిన చోట మనుష్యులను పిండు గానుగను మేము కోరము.

ఆట యనగా మాకు ద్వేషము లేదు. ఆటకును పందెమునకును భేదమును చూపుటకు మన పట్టణముననే ఉజ్జ్వలమైన నిదర్శనము కలదు. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022 మే మాసమున ఇస్తాంబులు నగరమున 52 కిలోల విభాగమునను, 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల విభాగమునను ముష్టియుద్ధమున ప్రపంచ విజేతగా నిలిచెను. గంట మ్రోగుటకు ముందు ఆ బాలిక గుండెలోని యదురును తలంచుకొనుడు. అదియును నిరీక్షణమే; అదియును ఫలమెఱుగని క్షణమే. కాని యామె యొడ్డినది తన దేహశ్రమను, తన యేండ్ల సాధనను. ఓడియున్నను ఆ సాధన యామెయొద్దనే యుండెడిది. పందెము కాయువాడు పరుల శ్రమపై కూర్చుండి కేక వేయును; ఓడినచో వానియొద్ద మిగులునది అప్పు. పైగా పందెము ఆటనే చెఱచును. 2000 సంవత్సరమున దక్షిణాఫ్రికా క్రికెట్టు నాయకుడు క్రోన్యే పందెగాండ్రనుండి ధనము పుచ్చుకొన్నట్లు ఒప్పుకొనుటయు, 2013 నాటి ఐపీయల్ పందెముల గొడవ ఫలితముగా 2015లో రెండు జట్లు రెండేండ్లు వెలివేయబడుటయు మన పాఠకులు మఱచియుండరు. ఆటను ప్రేమించువాడు దానిపై పందెము కాయజాలడు.

ఇక మన కర్తవ్యము. మొదట తలిదండ్రులకు. కుమారుడు పందెములలో మునిగెనని తెలిసిననాడు కొట్టుటయు, పరువునకై రహస్యముగా నప్పుతీర్చి మఱల నప్పుకు దారితీయుటయు, రెండును చెఱుపే. లెక్క సమస్తమును ఒక కాగితముపై వ్రాయించుడు. ఇంటిలో నమ్మదగిన పెద్ద నొకరిని కూర్చుండబెట్టుడు. భూమి కాగితములపై తొందరపడి సంతకము చేయకుడు. 1872 నాటి కాంట్రాక్టు శాసనము 30వ సెక్షను ప్రకారము పందెపు ఒప్పందము చెల్లదు. పందెమున గెలిచితినని చెప్పువాడు ఆ సొమ్మునకై కోర్టున దావా వేసి గెలువజాలడు. వాడు బెదరించినచో భయపడవలసినవాడు వాడేకాని మీరు గారు; పోలీసుల నాశ్రయింపుడు. అంతర్జాలమున మోసపోయి సొమ్ము పోయినచో 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయుడు. మనస్సు క్రుంగి, బ్రదుకు వ్యర్థమను తలంపు వచ్చినవారికి టెలీమానస్ వారి 14416 సంఖ్య రాత్రింబవళ్లు పలుకును. తెలుగుననే మాటలాడవచ్చును, వెల లేదు. పోయిన సొమ్ము పోయినది. మనిషి నిలిచినచో సొమ్ము మఱల రాగలదు.

తరువాత పఠనమందిరముల వారికి. దినపత్రికలను చదివి తలుపులు మూసికొనుటతో మన పని తీఱదు. వారమున కొకనాటి సాయంకాలము ఊరి లెక్కల యుపాధ్యాయుని పిలిచి, పైన వ్రాసిన 37 గడుల లెక్కను నల్లబల్లపై వేయింపుడు. సన్మార్గోపన్యాసమునకు రాని యువకుడు ఆ లెక్కకు వచ్చును. తనను మోసగించిన యంత్రము లోపలి భాగమును చూడవలెనని ఎవరికుండదు? చదరంగము బల్ల వేయుడు. కబడ్డీకి, ఖోఖోకు స్థలము నడుగుడు. తప్పిన యువకుడు వచ్చినచో "జూదగాడు వచ్చె"నని గుసగుసలాడక కుర్చీ చూపుడు. వాడు పఠనమందిరమున సిగ్గుపడి వెనుదిరిగినచో వానికి సిగ్గులేని చోటు ఫోనులో నొకటి యెప్పుడును తెఱచియే యుండును.

కడపట ప్రభుత్వమునకు. నిషేధశాసనము గోడ వంటిది. గోడ యవసరమే, కాని గోడకు లోపల తోట లేకున్నచో జనులు గోడ దూకుదురు. మూతపడిన కార్ఖానాను గూర్చి స్పష్టమైన మాట చెప్పుడు. తెఱచుటయో, అచ్చట మఱియొక పనిని నిలుపుటయో, ఏదైన నొకటి తేదీతో చెప్పుడు. 2025లో నిజామాబాదునకు వచ్చిన పసుపు బోర్డు కార్యాలయపు ఫలకముగా మిగులక, పసుపును శుద్ధిచేయు పనులుగా పల్లెలకు రావలెను. మండలమునకొక యాటస్థలమును, దానికొక శిక్షకుని నిచ్చుటకగు వ్యయము, పందెములవలన చెడిన కుటుంబముల నష్టముతో పోల్చిన నేపాటిది?

చాయ హోటలులోని యువక సోదరులారా! మీ యుత్సాహమును మేము నిందింపము. ఉడుకు నెత్తురు గలవానికి చల్లని బ్రదుకు రుచింపదు, రుచింపరాదు గూడ. కాని మీ యెదుటనున్న బల్ల సమమైన బల్ల గాదు. అచ్చట మీ తండ్రి చెమట యొకవైపున నున్నది. ఎన్నడు నోడని లెక్క యొకవైపున నున్నది. నేటి రాత్రి ఫోనును ఒకమాఱు బోర్లించి, ప్రక్కనున్న స్నేహితుని ముఖము చూచి, ఇప్పటివఱకెంత పోయినదని నిజముగా నడుగుడు; మీరును నిజముగా చెప్పుడు. ఆ మాటతో రెండవ చాయ చల్లారకముందే మీరు మఱల నొకరికొకరు స్నేహితు లగుదురు. అచ్చటనుండి యింటికి దారి దగ్గఱ.